బ్యారెల్ పొడవు గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. వేట రైఫిల్ కొనాలనుకునే కొత్తవాళ్లకి బ్యారెల్ (తూటా దూసుకుపోయే గొట్టం) పొడవు సంగతి విడమరిచి చెప్పాలన్న ఆలోచన బాగుంది. భాష తేటగా ఉంది. కానీ మొదటి పేరాలోనే "24 అంగుళాలే ఉత్తమం" అని తేల్చేశావు. ఇక చదివేవాడికి మిగతా నాలుగు పేజీలతో పనేముంది? పైగా అది నిజం కూడా కాదు. ఏ తూటా, ఎంత దూరం, ఎలాంటి చోట మోసుకుని తిరగాలి, ఇవి తేలకుండా అంగుళాల మాట ఎత్తకు. అంకె చివర్లో రావాలి. వచ్చినా తూటాని బట్టి మారుతుందని చదివేవాడికి అప్పటికే అర్థమైపోయి ఉండాలి.

"పొడవాటి బ్యారెల్‌కి గురి ఎక్కువ" అన్న వాక్యం కొట్టెయ్. ఆ నమ్మకం ఎక్కణ్ణుంచి వచ్చిందో మాత్రం రాయి. స్కోపులు (గురి చూసే దుర్బిణులు) లేని రోజుల్లో, గురి కుదుర్చుకునే గుర్తులైన ముందు సైట్‌కీ వెనక సైట్‌కీ మధ్య దూరం ఎక్కువైతే చిన్న తేడా కూడా కంటికి దొరికేది. లాభపడింది కన్ను, తూటా కాదు. స్కోప్ బిగించాక ఆ లాభం లేదు. ఒకే మందం ఉన్న రెండు బ్యారెళ్లలో నిజానికి పొట్టిదే గట్టిగా నిలుస్తుంది, పేలినప్పుడు తక్కువ ఊగుతుంది.

పొడవుతో మారేది వేగం. నీ వ్యాసానికి గుండెకాయ ఇదే, నువ్వేమో రెండు లైన్లలో దాటేశావు. తూటా వెనకున్న పేలుడు మందు మండితే పుట్టే వాయువు తూటాని వెనక నుంచి తోస్తుంది, తూటా బ్యారెల్‌లో ఉన్నంతసేపే ఆ తోపు. పీడనం మొదటి కొన్ని అంగుళాల్లోనే తారస్థాయికి చేరి అక్కణ్ణుంచి పడిపోతుంది. అందుకే ముందుకు పోయేకొద్దీ ఒక్కో అంగుళం ఇచ్చేది తగ్గుతూ వస్తుంది. .308 విన్‌చెస్టర్ అనే తూటా రకంలో 24 అంగుళాల నుంచి 20కి దిగితే సెకనుకు సుమారు 80 నుంచి 100 అడుగుల వేగం పోతుంది. సెకనుకు 2,800 అడుగుల మొత్తం వేగం మీద అది మూడు, నాలుగు శాతం. శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అక్కడ నష్టం ఆరేడు శాతం. అంతే.

అదే .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ తీసుకో. కేసు (మందు నింపే ఇత్తడి గొట్టం) పెద్దది, మందు ఎక్కువ, అదీ నెమ్మదిగా మండే రకం. దాని పని పూర్తి కావాలంటే చోటు కావాలి, అందుకే దానికి 24 నుంచి 26 అంగుళాలు పెడతారు. 20కి కోసేస్తే మాగ్నమ్ మోతా, భుజం మీద దెబ్బా అలాగే ఉంటాయి, దేనికోసం కొన్నామో ఆ వేగమే పోతుంది. ఇక .22 లాంగ్ రైఫిల్‌లో ఉండేది చిటికెడు మందు. 16 అంగుళాలు దాటాక చెప్పుకోదగ్గ వేగం పెరగదు, మరీ పొడవైతే రాపిడికి కాస్త తగ్గినా తగ్గొచ్చు. ఈ మూడిటినీ పక్కపక్కన పెట్టావంటే "ఉత్తమ పొడవు" అన్న మాట నువ్వు ఖండించక్కర్లేదు, దానంతటదే పడిపోతుంది.

సరే, 100 అడుగుల వేగం పోయింది, పోతే ఏమవుతుంది? పాఠకుడి అసలు టెన్షన్ ఇది. 100 గజాలకి గురి సరిచేసుకున్న .308తో 300 గజాల దగ్గర తూటా ఇంకో అంగుళమో, అంగుళన్నరో కిందకి తగులుతుంది. స్కోప్ తిప్పుకుంటే సరిపోయే తేడా. పట్టించుకోవాల్సింది ఇంకొకటి ఉంది. వేట తూటా జంతువు ఒంట్లో విచ్చుకోవాలంటే కొంత కనీస వేగంతో తగలాలి. చాలా రకాలకి అది సెకనుకు 1,800 అడుగుల దరిదాపుల్లో ఉంటుంది, తూటా చేసినవాళ్లే చెబుతారు. అంతకన్నా నెమ్మదిగా తగిలితే సన్నటి రంధ్రం చేసుకుని బయటికి పోతుంది. జంతువు వెంటనే చావదు, గాయంతో ఎక్కడికో పోయి నానా యాతన పడుతుంది. 150 గ్రెయిన్ల (దాదాపు 10 గ్రాముల) .308 తూటా ప్రతి 100 గజాలకీ సుమారు 200 అడుగుల వేగం కోల్పోతుంది. కాబట్టి నాలుగు అంగుళాలు తగ్గించుకుంటే తూటా నమ్మకంగా పనిచేసే దూరం 50 గజాలు దగ్గరికి జరుగుతుంది. ఈ లెక్క చేసి చూపించు. 150 గజాలు దాటి ఎన్నడూ పేల్చని మనిషికి ఆ 50 గజాలతో పనే లేదు. కొండల్లో లోయకి అవతల ఉన్నదాన్ని కొట్టాలనుకునేవాడికి ఉంది.

మోసుకు తిరగడం గురించి బాగానే రాశావు. దానికి ఒక పాత సాక్ష్యం చేర్చు. విన్‌చెస్టర్ 1894 మోడల్‌ని మొదట్నుంచీ 26 అంగుళాల రైఫిల్‌గానూ, 20 అంగుళాల కార్బైన్ (పొట్టి రైఫిల్)గానూ అమ్మారు. పొదల్లో తిరిగేవాళ్లు పొట్టిదాన్నే ఎంచుకున్నారు. సన్నటి బ్యారెల్‌లో ఒక అంగుళం బరువు 30 గ్రాములకి అటూ ఇటూ, కానీ అది బ్యారెల్ ముక్కు చివర ఉంటుంది కాబట్టి చేతికి అంతకన్నా ఎక్కువే తెలుస్తుంది. నిలబడి పేల్చేటప్పుడు ఆ బరువే తుపాకీని నిలకడగా ఉంచుతుందనీ రాయాలి, లేకపోతే ఒకవైపే చెప్పినట్టు. సైలెన్సర్ మాట ఎత్తనే లేదు నువ్వు. అది ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు కలుపుతుంది. అది వాడేవాళ్లు 16 నుంచి 20 అంగుళాల బ్యారెల్ తీసుకునేది అందుకే.

మోత గురించి ఒక్క వాక్యం చాలు: పొట్టిదైతే చెవికి దగ్గరగా, గట్టిగా పేలుతుంది, అయితే వేట రైఫిళ్లు చాలావరకు 140 డెసిబెల్స్ దాటుతాయి కాబట్టి పొడవు ఎంతైనా చెవులకి రక్షణ తప్పదు.

కొలిచే పద్ధతి రాశావు గానీ తప్పు రాశావు. బోల్ట్ (బ్యారెల్ వెనక వైపుని మూసే భాగం) మూసి, ముక్కులోంచి కడ్డీ దించి, బోల్ట్ ముఖం దాకా కొలవాలి. తూటా కూర్చునే చాంబర్ కూడా అందులోకే వస్తుంది. మర తిప్పి తీసేయగలిగే మజిల్ బ్రేక్ (భుజం మీద దెబ్బ తగ్గించడానికి ముక్కుకి బిగించేది) లెక్కలోకి రాదు. ఇది చట్టం విషయం కూడా. అమెరికా ఫెడరల్ చట్టంలో 16 అంగుళాల కన్నా పొట్టి బ్యారెల్ ఉన్న రైఫిల్‌కి ప్రత్యేక రిజిస్ట్రేషన్ కావాలి. ఒక్కో దేశానిది ఒక్కో నియమం, తుపాకీ విషయంలోనూ, అసలు వేట విషయంలోనూ. చదివేవాడు తన చోటి చట్టం ముందు చూసుకోవాలని రాసి వదిలెయ్.

వేగాల పట్టిక వేశావు కదా, ఆ అంకెలు ఎక్కడివి? తూటాల పెట్టె మీదవైతే ఆ మాట చెప్పు, అవి ఎంత పొడవు బ్యారెల్‌లో కొలిచినవో కూడా చెప్పు. ఒకే పొడవు, ఒకే తూటా అయినా రెండు బ్యారెళ్ల మధ్య 50 అడుగుల తేడా రావడం మామూలే. క్రోనోగ్రాఫ్ (తూటా వేగం కొలిచే పరికరం) పెట్టి కొలవకుండా "నా రైఫిల్ వేగం ఇంత" అని ఎవరు రాసినా నేను నమ్మను.

వ్యాసం చివర్లో, ఇప్పటికే ఉన్న బ్యారెల్‌ని కోయించే సంగతి చేర్చు. పొడవుది కొంటే తర్వాత తగ్గించుకోవచ్చు, పొట్టిదాన్ని పెంచలేం. కోశాక ముక్కు అంచుని లేత్ మీద సమంగా తీర్చాలి, అది వంకరగా ఉంటే బయటికొచ్చే తూటా పక్కకి తోసుకుంటుంది. ఇంట్లో రంపంతో చేసే పని కాదని గట్టిగా రాయి, చేసేవాళ్లున్నారు.

ఇవన్నీ సరిచేసి పదిహేను వందల మాటల్లోపు కుదించి పంపు. పట్టికలో తూటా బరువు ఒక గడిగా, బ్యారెల్ పొడవు ఇంకో గడిగా పెట్టు.

ఉంటాను,
అన్నయ్య