సల్సా టర్న్‌లో చెయ్యి లాగొద్దు

ప్రశ్న: సల్సా డ్యాన్స్ కొత్తగా నేర్చుకుంటున్నాను. చెయ్యి పైకెత్తి పార్ట్‌నర్‌ను ఆమె కుడివైపుకు తిప్పే టర్న్ దగ్గర ఆమె ప్రతిసారీ తూలిపోతోంది, భుజం నొప్పి అంటోంది. ఇంకాస్త బలంగా తిప్పాలా?

జవాబు: వద్దండీ, బలం అసలు వాడొద్దు. తిరగాల్సింది ఆమె, మీ చెయ్యి దారి చూపిస్తే చాలు. ఎనిమిది బీట్ల లెక్కలో మొదటి బీట్ మీద అడుగు మొదలుపెట్టే పద్ధతిలో 1-2-3 మామూలుగా వేసి, 4లో అడుగు ఉండదు కదా, ఆ ఖాళీలోనే మీ ఎడమచెయ్యి మెల్లగా పైకెత్తండి, ఆమె 5-6-7లో తిరిగేస్తుంది. 5 వచ్చాక ఎత్తితే ఆలస్యమైపోయి ఆ కంగారులో లాగేస్తారు, కొత్తవాళ్లలో ఎక్కువమంది చేసే తప్పు ఇదే. చెయ్యి ఆమె నడినెత్తికి పైనే ఉండాలి, పక్కకు పోయిందా బ్యాలెన్స్ పోతుంది. ఇక పట్టు. బొటనవేలితో బిగించకండి, ఆమె వేళ్లు మీ వేళ్ల చుట్టూ జారేంత వదులుగా ఉంచండి, లేకపోతే ఆమె తిరిగేటప్పుడు ఆ మెలి అంతా మణికట్టు మీద, భుజం మీద పడుతుంది. మీ కాళ్లు మాత్రం ఆగకూడదు, బేసిక్ స్టెప్, అంటే 1-2-3, 5-6-7 మామూలు అడుగులు, వేస్తూనే ఉండాలి. ముందు పాట లేకుండా, అంకెలు పైకి చెప్పుకుంటూ చేయండి. అప్పటికీ నొప్పి ఉంటే ఈ టర్న్ ఆపేసి ఆమెను డాక్టర్‌కు చూపించుకోమనండి.