డిస్క్ జారితే ఆపరేషన్ తప్పదా?

అమలాపురం దగ్గర నుంచి అడిగారు: నారు కట్టలు మోసి నాన్నగారికి నడుము పట్టేసింది, నొప్పి కాలిదాకా లాగుతోంది, ఎమ్మారైలో డిస్క్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండులాంటిది) జారిందన్నారు, కోయించాలా అని.

టెన్షన్ పడకండి. ఇలాంటి నొప్పి చాలామందికి 6 నుంచి 12 వారాల్లో దానంతటదే తగ్గుతుంది. జారిన ముక్కను చాలాసార్లు ఒళ్లే మెల్లగా కరిగించుకుంటుంది. మంచానికి అతుక్కుపోవడం మాత్రం తప్పు. ఒకటి రెండు రోజులు చాలు, తర్వాత కాలవగట్టు మీద మెల్లగా నడవమనండి. డాక్టరిచ్చిన మాత్రలు, ఫిజియోథెరపీ. అప్పటికీ తగ్గకపోతే నరం దగ్గర స్టెరాయిడ్ ఇంజెక్షన్. ఆ తర్వాతే మైక్రోడిస్కెక్టమీ, అంటే చిన్న కోతతో నరాన్ని నొక్కుతున్న ముక్క తీసేయడం. కాలి నొప్పికి బాగా పనిచేస్తుంది, వట్టి నడుంనొప్పికి అంతగా కాదు. వెన్నుపూసల్ని బిగించే రాడ్లు, స్క్రూలు వేయాలన్నారంటే ఎందుకో గట్టిగా అడగండి.

మూత్రం ఆగిపోయినా, తొడల మధ్య మొద్దుబారినా, పాదం పైకి లేవకపోయినా కాకినాడకో రాజమండ్రికో ఆ పూటే బయల్దేరండి.