నడుము పట్టేసినప్పుడు ఇచ్చే మాత్ర గురించి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నడుము పట్టేసి మంచం దిగలేకపోయావని, డాక్టరు గారు ఐదు రోజులకు టిజానిడిన్ 2 మిల్లీగ్రాముల మాత్రలు రాశారని మీ అమ్మ చెప్పింది. ముప్పై ఏళ్ళు మందుల షాపులో నిలబడినవాణ్ణి గనుక, చీటీలో పట్టని సంగతులు కొన్ని రాస్తున్నాను.

ఈ మందు నేరుగా కండరం మీద పనిచేయదు. కండరాన్ని బిగించమని మెదడు, వెన్నుపాముల నుంచి వచ్చే సంకేతాలను తగ్గిస్తుంది. అందుకే బిగుసుకున్న నడుము సడలడంతోపాటు మగత కమ్ముతుంది, నోరు ఎండుతుంది, రక్తపోటు కూడా తగ్గుతుంది. వేసుకున్న గంట, గంటన్నరకు ఆ ప్రభావం ఎక్కువగా ఉంటుంది కాబట్టి మొదటి మాత్ర ఇంటిపట్టున ఉన్నప్పుడే వేసుకో; ఒంటికి ఎలా పడుతుందో తెలిసేదాకా బండి తాళం ముట్టవద్దు. రాత్రి లేవవలసి వస్తే మంచం అంచున కాసేపు కూర్చొని ఆ తరువాతే నిలబడు. మా షాపుకు వచ్చే ఒక పెద్దాయన ఇలాంటి మాత్రే వేసుకొని అర్ధరాత్రి గబుక్కున లేచి, కళ్ళు తిరిగి పడి, నడుము నొప్పికి తోడు మణికట్టు కూడా విరగ్గొట్టుకున్నారు. ఈ ఐదు రోజులూ మద్యం జోలికి పోవద్దు. నీకు అలవాటు లేదని మీ అమ్మ నమ్మకం, నాకు కాదు.

నన్ను అన్నిటికన్నా భయపెట్టేది మరొకటి ఉంది. కడుపు పాడైతే డబ్బాలో మిగిలిన సిప్రోఫ్లాక్సాసిన్ తీసి వేసుకోవడం మన ఇళ్ళలో అలవాటు. టిజానిడిన్‌ను కరిగించి పంపే కాలేయపు ఎంజైమును ఆ యాంటీబయాటిక్ అడ్డుకోవడంతో రక్తంలో ఈ మందు ఎన్నో రెట్లు పేరుకొని, బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. మానసిక వైద్యులు రాసే ఫ్లూవాక్సమిన్‌తోనూ ఇదే చిక్కు. ఈ రెంటిలో దేనినీ దీనితో కలిపి వాడకూడదు.

షాపులో ఇది లేదని, అలాంటిదేనని వేరే స్ట్రిప్ చేతిలో పెడితే పుచ్చుకోకు. ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్, క్లోర్‌జోక్సజోన్ కలిసిన మాత్రలు కూడా నడుము నొప్పి మాత్రలుగానే చెలామణి అవుతాయి. వాటిలో పారాసిటమాల్ ఉందని తెలియక పైన డోలో 650 వేసుకునేవారిని ఎందరినో చూశాను, ఆ భారమంతా కాలేయం మీదే పడుతుంది.

మీ అమ్మ మోకాళ్ళ నొప్పి చూడలేక ఇందులోంచి ఒకటి ఇస్తావేమో, ఇవ్వకు. ఆమె రోజూ బీపీ మాత్ర వేసుకుంటోంది.

ఒక పూట మరిచిపోతే మరుసటి పూట రెండు వేసుకోకు. ఐదు రోజులకూ తగ్గకపోతే పాత చీటీతో మళ్ళీ కొనకుండా డాక్టరు గారికే చూపించు. ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడవలసి వస్తే, దానిని ఒక్కసారిగా ఆపినా బీపీ ఎగదన్నుతుంది. వారు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి. తొడల మధ్య తిమ్మిరి పట్టినా, మూత్రం బిగించినా, కాలు పట్టు తప్పినా మాత్రతో కాలయాపన చేయకుండా ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్ళు. నాకు ఫోను దారిలోంచి చేయవచ్చు.