పసిపాప పొట్టలో గడ్డ: ఇన్ని పరీక్షలు ఎందుకు?

ప్రశ్న: మా పాపకు నాలుగు నెలలు. స్నానం చేయిస్తుంటే పొట్ట ఎడమవైపు గట్టిగా చేతికి తగిలింది. అల్ట్రాసౌండ్‌లో మూత్రపిండాలు, కాలేయం బాగానే ఉన్నాయనీ, వాటి వెనుక కొంత నీరు, కొంత కండ, మధ్యలో కాల్షియం ఉన్న గడ్డ ఉందనీ తేలింది. డాక్టరుగారు రక్తం, మూత్రం పరీక్షలతోపాటు ఎం.ఆర్‌.ఐ. కూడా రాసి, ‘టెరటోమా (ఎముక, కొవ్వు వంటి రకరకాల కణజాలాలు కలిసి ఉండే గడ్డ) కావచ్చు, చాలా అరుదుగా పిండంలో పిండమూ కావచ్చు’ అన్నారు. ఇది క్యాన్సరేనా? ముక్క తీసి చూస్తే ఒక్కసారే తేలిపోదా?

జవాబు: ఇప్పుడే క్యాన్సర్ అనుకోవలసిన అవసరం లేదు. పుట్టిన తొలి వారాల్లో బయటపడే పొట్ట గడ్డల్లో సగానికి పైగా మూత్రపిండాలకు సంబంధించినవే, వాటిలోనూ మూత్రం నిలిచి మూత్రపిండం ఉబ్బడం వంటి ప్రమాదకరం కానివే ఎక్కువ. అందువల్ల గడ్డ ఏ అవయవం నుంచి పుట్టిందో మొదట చూస్తారు. మీ పాప మూత్రపిండాలు గడ్డతో సంబంధం లేకుండా కనిపించాయి కనుక ఆ అనుమానం చాలావరకు తీరినట్లే.

కాల్షియం ఉన్నంత మాత్రాన కూడా క్యాన్సర్ అని కాదు. టెరటోమాలో అది ఎముక ముక్కలా, పంటిలా ముద్దగా కనిపిస్తుంది. మూత్రపిండం పైన ఉండే అడ్రినల్ గ్రంథి నుంచో, వెన్నెముక పక్కనుండే నాడీకణాల నుంచో పుట్టే న్యూరోబ్లాస్టోమా అనే క్యాన్సర్‌లో మాత్రం ఎక్కువగా సన్నని ఇసుకలా కనిపిస్తుంది. ఈ వయసులో దానిని తోసిపుచ్చకుండా ముందుకు వెళ్లకూడదు. ఆ కణితి విడుదల చేసే రసాయనాల ఆనవాళ్లు మూత్రంలో దొరుకుతాయి కనుకనే మూత్రపరీక్ష రాశారు.

రక్తంలో చూసేది ఆల్ఫా ఫీటోప్రొటీన్ అనే ప్రొటీన్; కొన్ని రకాల కణితుల్లో ఇది పెరుగుతుంది. దీని రిపోర్టు చూసి చాలామంది తల్లిదండ్రులు అనవసరంగా బెంబేలెత్తుతారు. పుట్టినప్పుడు ఆరోగ్యవంతమైన బిడ్డలోనే ఇది వేలల్లో, పదివేలల్లో ఉండి, పెద్దల స్థాయికి దిగడానికి ఎనిమిది నెలల నుంచి ఏడాది పడుతుంది. రిపోర్టు పక్కన అచ్చువేసే ‘నార్మల్’ అంకె సాధారణంగా పెద్దలది కాబట్టి, నాలుగు నెలల పాపకు ఉండవలసిన స్థాయితోనే దానిని పోల్చాలి.

పిండంలో పిండం సుమారు 5 లక్షల కాన్పుల్లో ఒకటిగా కనిపించే స్థితి. కవలల్లో ఒక పిండం ఎదుగుదల ఆగి, రెండవ పిండం శరీరంలో ఉండిపోవడమే దీనికి కారణమని ఎక్కువమంది భావిస్తారు. టెరటోమాతో దీనికి చాలా పోలిక ఉన్నా, వెన్నెముక, దాని చుట్టూ ఒక క్రమంలో అవయవాలు కనిపిస్తే పిండంలో పిండమనే నిర్ణయానికి వస్తారు. ఎం.ఆర్‌.ఐ. దీనితోపాటు పెద్ద రక్తనాళాలు గడ్డకు ఎంత దగ్గరగా ఉన్నాయో కూడా చూపుతుంది. రేడియేషన్ ఉండదు గానీ, పాప కదలకుండా ఉండేందుకు మత్తు ఇవ్వవలసి రావచ్చు.

ముక్క పరీక్ష ఈ సందర్భంలో అంత ఉపయోగపడదు. టెరటోమాలో ఒకచోట కొవ్వు, మరొకచోట ఎముక, ఇంకొకచోట పక్వం కాని కణజాలం ఉండవచ్చు కాబట్టి ఒక ముక్క మొత్తం గడ్డ సంగతి చెప్పలేదు. పైగా సూది గుచ్చితే లోపలి ద్రవం పొట్టలోకి చిందవచ్చు. టెరటోమా అయినా, పిండంలో పిండం అయినా వైద్యం ఒకటే: పిల్లల సర్జన్ గడ్డను పూర్తిగా తీసి, మొత్తాన్ని పరీక్షకు పంపుతారు. ఆ తర్వాత కొంతకాలం ఆల్ఫా ఫీటోప్రొటీన్ తగ్గుతున్నదో లేదో చూస్తుండాలి.

ఈలోగా పొట్టను పదే పదే నొక్కి చూడకండి, బంధువులనూ చూడనివ్వకండి. ఆకుపచ్చని వాంతి అయినా, పొట్ట హఠాత్తుగా ఉబ్బినా, పాప పాలిపోయి మందకొడిగా ఉన్నా, మూత్రం బాగా తగ్గినా పరీక్షల తేదీ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.