జడ్జిగారు ఎదుటివాళ్ళ వైపే ఉన్నారనిపిస్తే పై కోర్టుకి వెళ్ళొచ్చా? మా బోదె దావా అనుభవం

మీరు అడిగింది ఇదీ: భీమవరం దగ్గర చెరువు గట్టు హద్దు మీద దావా నడుస్తోంది, జడ్జిగారు ఎదుటివాళ్ళకి ఇంజంక్షన్ (ఫలానా పని చెయ్యొద్దని ఆపే ఆర్డరు) ఇచ్చారు, ఆయన పక్షపాతి అని పై కోర్టులో చెప్పి ఆ ఆర్డరు కొట్టించవచ్చా అని. నేను లాయర్ని కాదు. కోనసీమలో రెండెకరాల చేలోకి నీళ్ళొచ్చే పంట బోదె కోసం ఏడేళ్ళు కోర్టు చుట్టూ తిరిగిన రైతు కొడుకుని.

మా నాన్నగారికీ అచ్చం మీలాగే అనిపించింది. ఎందుకండీ అంటే, "మన ప్లీడరు లేస్తే మొహం చిట్లిస్తాడ్రా, వాళ్ళ ప్లీడరు లేస్తే నవ్వుతాడు" అనేవారు. దానికి తోడు ఓ పెళ్ళిలో జడ్జిగారూ ఎదుటి ప్లీడరూ ఒకే బంతిలో కూర్చున్నారని ఎవరో మోసుకొచ్చారు. ఇక ఆయనకి నిద్ర లేదు, రేపే పిటిషన్ వేసెయ్యాలన్నారు. మా ప్లీడరు గారు నవ్వి, "బాబాయిగారూ, ఆ బంతిలో నేనూ ఉన్నానండి. గుత్తివంకాయ నాకే రెండుసార్లు వడ్డించారు" అన్నారు.

ఆ తర్వాత ఆయన గుమాస్తా గారిని పిలిచి, మా దావా డాకెట్ షీటు, అంటే ఏ వాయిదాకి ఏం జరిగిందో కోర్టు రాసుకునే కాగితం, మొదటి వాయిదా నుంచి కాపీ తీయించమన్నారు. మొహం చిట్లించడం కాగితం మీదకి రాదండి. పై కోర్టు చూసేది కాగితమే. తీయించాక తేలిందేమిటంటే, ఎదుటివాళ్ళు సాక్షి రాలేదని మూడుసార్లు వాయిదా అడిగితే మూడుసార్లూ ఇచ్చారు. మా రెండో సాక్షికి ఒంట్లో బాగోలేదని డాక్టరు సర్టిఫికెట్ పెట్టి ఒక్కసారి అడిగితే, అదే రోజు మా ఎవిడెన్స్ క్లోజ్ చేసేశారు, అంటే ఇక మా వైపు సాక్షులు వద్దన్నారు. పెళ్ళి బంతి సంగతి నాన్నగారు అప్పుడు మర్చిపోయారు.

ఇక్కడ చాలామంది రెండు సంగతులు కలిపేస్తారు. ఆర్డరు తప్పు అనడం వేరు, జడ్జి పక్షపాతి అనడం వేరు. మీకు తగిలింది ఇంజంక్షన్ కాబట్టి సివిల్ ప్రొసీజర్ కోడ్ (సివిల్ దావాలు నడిపే పద్ధతి చెప్పే చట్టం) ఆర్డర్ 43 కింద దాని మీద నేరుగా అప్పీలుంది. జిల్లా కోర్టుకైతే గడువు 30 రోజులు. అందులో జడ్జిగారి మనసులో ఏముందో మీరు నిరూపించక్కర్లేదు, ఆర్డరు ఎక్కడ తప్పో చూపిస్తే చాలు. మాది ఎవిడెన్స్ క్లోజ్ చేసిన ఆర్డరు, దానికి అప్పీలు లేదు. మళ్ళీ తెరవమని అదే కోర్టులో పిటిషన్ వేశాం, కొట్టేశారు. అప్పుడు రాజ్యాంగం ఆర్టికల్ 227 కింద అమరావతిలో హైకోర్టుకి రివిజన్, అంటే కింది కోర్టు ఆర్డరు సరిచూడమనే పిటిషన్, వేశాం.

జడ్జినే మార్చమనాలంటే అదే సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 24 కింద జిల్లా కోర్టులో ట్రాన్స్‌ఫర్ ఓపీ (కేసు వేరే కోర్టుకి మార్చమనే పిటిషన్) వేస్తారు. క్రిమినల్ కేసైతే, ఆ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 448 కింద సెషన్స్ జడ్జి దగ్గర, 447 కింద హైకోర్టులో. పక్షపాతం నిజంగా ఉందని రుజువు చెయ్యాలని లేదు, మామూలు మనిషికి సబబైన అనుమానం కలిగేలా ఉంటే చాలు. దీనికి మా ప్లీడరు గారు చెప్పిన పాత కేసు భలే ఉంటుంది. మన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన 1852లోనే ఇంగ్లండులో ఓ కాలవ కంపెనీ కేసులో లార్డ్ చాన్సలర్ (అక్కడి చాలా పెద్ద జడ్జి) అంతటివాడి తీర్పుని కొట్టేశారట. ఆయనకి ఆ కంపెనీలో వాటాలున్నాయి, అంతే. ఆయన ఆ వాటాల కోసమే అలా తీర్పిచ్చాడని ఎవరూ అనలేదు. అలాంటి కాగితం మీ దగ్గరుంటే సరే. "మాకు వ్యతిరేకంగా ఆర్డరిచ్చారు" అన్నది మాత్రం కారణం కాదు.

ఆలస్యం కూడా చెయ్యకూడదు. 1957లో మాణక్ లాల్ అనే వకీలు కేసులో, ఆయన మీద ఫిర్యాదుని విచారించిన ట్రిబ్యునల్ పెద్ద అంతకుముందు ఎదుటి పక్షానికే వకాల్తా పుచ్చుకున్నవాడు. అది తప్పేనని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. కానీ సంగతి తెలిసీ మొదట్లో నోరు విప్పలేదని మాణక్ లాల్‌ని ఓడించింది. తీర్పు ఎలా వస్తుందో చూసి అప్పుడు అందామనుకుంటే కుదరదన్నమాట.

ఇంకోటి, రాతలో నోరు జారకండి. ఆధారం లేకుండా "లంచం తిన్నాడు" అని రాస్తే కోర్టు ధిక్కారం కింద ఆరు నెలల వరకు జైలు, 2000 రూపాయల వరకు జరిమానా. 1950లలో నాగపూర్ హైకోర్టు జడ్జీల మీద అలాంటి ట్రాన్స్‌ఫర్ పిటిషన్ మీద సంతకం పెట్టిన లాయర్లే సుప్రీంకోర్టులో క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. మీ ప్లీడరు గారు సంతకానికి వెనకాడుతున్నారంటే ఎదుటివాళ్ళతో కలిసిపోయారని అనుమానించకండి.

మా ప్లీడరు గారు వద్దంటున్నా నాన్నగారి పోరు పడలేక ట్రాన్స్‌ఫర్ ఓపీ కూడా వేశాం. జిల్లా జడ్జిగారు మా జడ్జిగారి వివరణ తెప్పించుకున్నారు. పాత దావాలు త్వరగా ముగించాలని తొందరపడ్డానని ఆయన రాశారు. ఒక్క ఆర్డరు తప్పయినంత మాత్రాన పక్షపాతం కాదని మా ఓపీ కొట్టేశారు. హైకోర్టులో మాత్రం రివిజన్ గెలిచాం. ఎదుటివాళ్ళకి రెండు వేలు ఖర్చులు కట్టి, ఒకే ఒక్క వాయిదాలో సాక్షిని తెచ్చుకోమన్నారు.

అలా మళ్ళీ ఆ జడ్జిగారి ముందే నిలబడ్డాం. ఆ రోజు పడ్డ టెన్షన్ ఏడేళ్ళలో ఎప్పుడూ పడలేదు. ఆయన మా సాక్షి వయసు చూసి కుర్చీ వేయించారు, క్రాస్‌లో ఎదుటి ప్లీడరు గట్టిగా అరిస్తే ఆపారు. నాన్నగారు బయటికొచ్చి, "హైకోర్టు దెబ్బరా" అన్నారు. నాకైతే ఆయన మొదట్నుంచీ అలాంటి మనిషేమో, మేమే చూడలేదేమో అనిపించింది. తీర్పు ఆయన ఇవ్వకుండానే వేసవి బదిలీల్లో వెళ్ళిపోయారు.

మీ ఇంజంక్షన్ ఆర్డరు తేదీ మీరు రాయలేదు. ఈకోర్ట్స్ అనే కోర్టుల యాప్‌లో మీ కేసు నంబరు కొడితే ఏ వాయిదాకి ఏం జరిగిందో వరసగా వస్తుంది, ముందు అది చూసి రాసుకోండి. నెల దాటకపోతే ఇవాళే ఆర్డరు సర్టిఫైడ్ కాపీకి (కోర్టు ముద్ర వేసిచ్చే నకలుకి) అప్లికేషన్ పెట్టించండి. కాపీ తయారవడానికి పట్టిన రోజులు గడువులోంచి తీసేస్తారు.