పొలంబడి నడపబోతున్న మా అమ్మాయికి

అమ్మా,

ఈ సార్వాలో, రైతులకు పొలంలోనే నడిపే వరి పొలంబడి బాధ్యత నీకు అప్పగించారని మీ నాన్న ఫోనులో చెప్పాడు. సంతోషం. శిక్షణలో ఇచ్చిన పుస్తకాలు, కరపత్రాలు ఇంట్లోనే చదువుకో, పొలానికి తీసుకెళ్లకు. గట్టు మీద కాగితం చూసి చదివితే రైతు మర్యాదకు వింటాడు. మర్నాడు మందుల కొట్టువాడు చెప్పిందే చేస్తాడు.

పొలంబడి పుట్టిందే అందుకు విరుగుడుగా. మందులు విచ్చలవిడిగా కొట్టడంతో, సుడిదోమను తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు చచ్చి, వరి రసం పీల్చే ఆ దోమ ఇంకా రెచ్చిపోయింది ఇండోనేషియాలో. 1986లో అక్కడి ప్రభుత్వం వరిలో 57 రకాల పురుగుమందులను నిషేధించింది. తర్వాత 1989లో, పైరును చూసి రైతే నిర్ణయం తీసుకోవడం నేర్చుకునేలా ఈ బడులు మొదలయ్యాయి.

పాతిక మందిని పోగుచెయ్యి. పట్టాదారుల జాబితా చూసి పిలవకు. మన గోదావరి జిల్లాల్లో సేద్యం చేసేది చాలావరకు కౌలు రైతులే. నాట్లు వేసే, కలుపు తీసే ఆడవాళ్లను తప్పకుండా పిలువు. దుబ్బుల్లో చేతులు పెట్టేది వాళ్లు, అందరికంటే ముందు పురుగు కనపడేది వాళ్లకే.

వారానికోసారి, పొద్దున్నే. అయిదుగురు చొప్పున జట్లు చేసి, ఒక్కో జట్టు పది దుబ్బులు పరిశీలించాలి. మొక్క మొదలు దగ్గర నీటికి పైన చూడమని చెప్పు, సుడిదోమ ఉండేది అక్కడే. తర్వాత పెద్ద కాగితం మీద నడుమ వరి మొక్క, ఒక పక్క శత్రుపురుగులు, ఇంకో పక్క మిత్రపురుగులు వాళ్లే గీయాలి. బొమ్మ ఎంత వంకరగా ఉన్నా నువ్వు దిద్దకు.

ఎవరైనా "ఏ మందు కొట్టమంటావు?" అంటే జవాబు చెప్పకు. "దుబ్బుకు ఎన్ని కనిపించాయి బాబాయ్?" అని అడుగు. పిలక దశలో దుబ్బుకు సుడిదోమలు పది, పదిహేను దాటితేనే ఆలోచించాలి. ఈనిన తర్వాత ఇరవై, పాతిక. ఈ లెక్క వాళ్ల నోట రావడానికి నాలుగైదు వారాలు పడుతుంది, తొందరపడకు.

నాకు బాగా నచ్చిన పని ఆకులు కత్తిరించడం. నాటిన మూడో వారంలో ఒక చదరపు మీటరులో సగం ఆకు కత్తెరతో తీసేయించు, పక్క చదరపు మీటరును ముట్టుకోవద్దు. ఆకుముడత పురుగు తింటోందని వెంటనే మందు పట్టుకునే చెయ్యి అక్కడే ఆగుతుంది. పిలక దశలో పోయిన ఆకును వరి తిరిగి కూడగట్టుకుంటుందని నువ్వు చెబితే నమ్మరు, కోతలో రెండూ విడిగా తూస్తే నమ్ముతారు. గ్లాసులో సాలీడును, సుడిదోమ పిల్లలను వేసి, పైన దోమతెర గుడ్డ కట్టి ఒక రాత్రి ఉంచినా అంతే. తెల్లారి మిగిలినవి వాళ్లే లెక్కపెట్టుకుంటారు.

నీకు తెలియని తెగులు కనపడితే మార్టేరు వరి పరిశోధన కేంద్రం వాళ్లను అడుగు. అప్పటికప్పుడు కావాలంటే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు, నువ్వు కాదు, రైతు చేతే ఫోను చేయించు.

మామూలు పద్ధతి మడికి, పొలంబడి మడికి ఖర్చుల చిట్టా మొదటి రోజు నుంచే విడివిడిగా రాయించు. ఎరువు, మందు, కూలి, అన్నీ. కోతనాడు ఆ చిట్టా నువ్వు చదవకు, పురుగుమందుకు అందరికంటే ఎక్కువ ఖర్చు పెట్టే రైతు చేత చదివించు.

మీ పెదనాన్న