మనవడి నాణేల సరదాను ఖర్చులో రాయండి, పొదుపులో కాదు

ప్రశ్న: మాది విశాఖపట్నం మర్రిపాలెం. టీచరుగా రిటైరయ్యాను, పెన్షన్ వస్తోంది. మా అబ్బాయి కొడుక్కి ఏడేళ్లు. వాడికి నాణేలంటే సరదా పుట్టింది. వాడి పేరున నెలకు 2,000 రూపాయలు పక్కన పెట్టగలను. తెలిసినాయన ఒకరు 25,000కు పాత నాణేల సెట్టు ఇస్తానంటున్నారు. వాడి కాలేజీ చదువు నాటికి ఎన్నో రెట్లు అవుతుందట. వైష్ణోదేవి బొమ్మ ఉన్న 5 రూపాయల బిళ్లకు లక్షలిస్తామని ఫోన్‌లో వీడియోలూ వస్తున్నాయి. మా అత్తగారిచ్చిన విక్టోరియా రాణి వెండి రూపాయలు అయిదున్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: టీచరు గారూ, ఆ సెట్టు కొనకండి. పిల్లవాడి సరదాను మాత్రం ఆపకండి.

బంగారానికి రోజూ ఒక రేటు ఉంటుంది. పాత నాణేనికి అలాంటిది లేదు. అమ్మాలనుకున్న రోజున కొనేవాళ్లు దొరకాలి, వాళ్లిచ్చిందే ధర. ఎంత అరిగింది, ఏ టంకశాలది అన్నదాన్ని బట్టి ఒకే ఏడాది నాణేలకే ధరలు వేరుగా ఉంటాయి. ఆయన్ని ఒక్క మాట అడగండి: "రేపు ఇదే సెట్టు తిరిగి తెస్తే ఎంతకు తీసుకుంటారు?" ఆయన చెప్పిన అంకెను 25,000లోంచి తీసేస్తే మిగిలేది మీకు మొదటి రోజు నష్టం. అసలు సమాధానమే చెప్పకపోతే ఇక ఆలోచించే పనే లేదు. ఆ సెట్టులో రామ దర్బారు బొమ్మతో 1818 ఈస్టిండియా కంపెనీ నాణెం అనేది ఉంటే, అది నాణెమే కాదు, తర్వాత ఎవరో పోతపోసిన బిళ్ల. బియ్యపు గింజల్ని లాక్కునే మహిమ ఉందని నమ్మించే రైస్ పుల్లింగ్ మోసాల్లో చూపించేవీ ఇలాంటివే.

వీడియోల సంగతి. వైష్ణోదేవి బిళ్లలు రిజర్వ్ బ్యాంకు చలామణీలోకి ఇచ్చినవే, అయిదు రూపాయలకు చెల్లుతాయి. లక్షలిస్తామనేవాళ్లు ముందు కమీషననో పన్ననో కొంత పంపమంటారు. రిజర్వ్ బ్యాంకు పేరు కూడా వాడుకుంటారు. తాము పాత నాణేలు కొనడం లేదని, అమ్మడం లేదని, ఎవరికీ ఆ అధికారం ఇవ్వలేదని ఆ బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. ఎవరైనా ఇప్పటికే డబ్బు పంపి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయమనండి.

ఇక మీ 2,000. అందులో 1,700 చదువుకు, 300 నాణేలకు. ఈ రెండు పద్దులూ ఎప్పుడూ కలపొద్దు. చదువు డబ్బుకు పీపీఎఫ్, అంటే పదిహేనేళ్ల ప్రభుత్వ పొదుపు ఖాతా, బాగుంటుంది. తల్లిదండ్రులు ఉండగా మనవడి పేరున నానమ్మ ఖాతా తెరవడానికి వీల్లేదు, కాబట్టి మీ అబ్బాయి చేత తెరిపించి మీరు ప్రతి నెలా అతనికి డబ్బు పంపండి. కన్నకొడుక్కి ఇచ్చే కానుక మీద పన్ను లేదు. మీ అబ్బాయి సొంత ఖాతా, పిల్లవాడి ఖాతా కలిపి ఏడాదికి లక్షన్నర మించకూడదన్నది మాత్రం అతనికి గుర్తుచేయండి. పదిహేనేళ్లలో మీరు కట్టేది 3,06,000. వడ్డీ 7.1 శాతంగానే కొనసాగితే చేతికొచ్చేది అయిదు లక్షల పైమాటే. ఏడో ఆర్థిక సంవత్సరం నుంచి కొంత తీసుకోవచ్చు గనక కాలేజీ ఫీజులకు అక్కరకొస్తుంది.

ఆ 300 కూడా మొదట్లో ఖర్చు కాదు. పిల్లవాణ్ణి ఇంట్లో చిల్లర డబ్బాతో మొదలుపెట్టించండి. నాణెం మీద సంవత్సరం కింద అది ఏ టంకశాలలో తయారైందో తెలిపే గుర్తు చూడమనండి. చుక్క నక్షత్రం ఆకారంలో ఉంటే హైదరాబాద్, డైమండ్ గుర్తుంటే ముంబై, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. ఏడేళ్ల పిల్లలకు ఇది భలే ఆట. పది రూపాయల నాణేలైతే 14 డిజైన్లలో వచ్చాయని, అన్నీ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018లో చెప్పింది. అన్నీ పోగుచేసినా పట్టేది 140 రూపాయలు, అదీ ఎక్కడికీ పోదు. కొట్టువాళ్లు తీసుకోకపోయినా బ్యాంకు తీసుకుంటుంది. ఇంతకన్నా నిబ్బరంగా మొదలుపెట్టగలిగే సరదా నాకు ఇంకోటి కనపడదు.

తర్వాత పాత పైసలు: పూల రేకుల్లాంటి అంచున్న రెండు పైసలు, నలుపలకల అయిదు పైసలు, తామరపువ్వు ఇత్తడి ఇరవై పైసలు. పావలా, అంతకన్నా చిన్నవి 2011 జూన్ 30 నుంచి చెల్లడం లేదు. మీ చిన్నప్పుడు పావలాకు ఏమొచ్చేదో చెప్పండి. ధరలు పెరగడమంటే ఏమిటో వాడికి అక్కడే అర్థమవుతుంది, నేను పెద్దవాళ్లకు గంటసేపు చెప్పినా ఎక్కని సంగతి అది. ఒక ఆదివారం మన ఊరి దగ్గరి పాత బౌద్ధ క్షేత్రం తొట్లకొండకు తీసుకెళ్లండి. అక్కడి తవ్వకాల్లో శాతవాహనుల సీసపు నాణేలు, రోమన్ వెండి నాణేలు దొరికాయి.

మన సముద్రపు గాలికి లోహం త్వరగా నల్లబడుతుంది. డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేయండి. ఇంట్లో ఇంకా చిన్నపిల్లలుంటే డబ్బా అటక మీదే ఉండాలి, మింగితే ప్రమాదం.

మీ వెండి రూపాయలు మాత్రం ఆ డబ్బాలో కలపకండి. ఒక్కోటి 11.66 గ్రాములు, పదకొండు పాళ్లు వెండి, ఒక పాలు కల్తీ. పళ్లపొడితోనో చింతపండుతోనో తోమితే నాణేలు కొనేవాళ్ల దగ్గర విలువ పోతుంది, నల్లగా ఉన్నా అలాగే వదిలేయండి. వందేళ్లు దాటిన నాణేలు పురావస్తువుల కిందికి వస్తాయి, 1972 చట్టం ప్రకారం దేశం దాటించకూడదు. అంటే రేపు మనవడు అమెరికా వెళ్లినా అవి ఇక్కడే ఉండాలి. లాకర్లో పెట్టి, ఎవరికి ఎన్నో ఇప్పుడే విల్లులో రాయించండి. అయిదు రూపాయలే కదా అని వదిలేస్తే, అత్తగారి గుర్తు కాబట్టి అందరూ అడుగుతారు.